జెండా కనపడితే మనిషి కనపడినట్టేనా? బొమ్మల యుద్ధాల్లో చూపుగీత లెక్క

నెల్లూరు వేదాయపాళెంలో మా మిద్దె మీద ఆదివారం పొద్దుగూకే వేళకి ఆరేడుగురం చేరతాం. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ప్లైవుడ్ బల్ల. దాని మీద థర్మకోల్ చెక్కి రంగేసిన గుట్టలు, అట్టతో కట్టిన బురుజులు, బొటనవేలి కణుపంత సైనికులు. మొన్న ఉదయగిరి ముట్టడి ఆడుతున్నాం. గజపతుల చేతిలో ఉన్న ఆ కోటను కృష్ణదేవరాయలు 1513లో చుట్టుముట్టి 1514లో పట్టుకున్నాడు. ఆ ఘట్టానికి మేమే ఒక ఆట అల్లుకున్నాం.

కావలి నుంచి వచ్చిన మా బావ తన విలుకాణ్ణి బురుజు మీద నిలబెట్టాడు. ఎదుటి పక్క ఆడుతున్న కుర్రాడి నాయకుడు కూలిన కోటగోడ వెనక ఉన్నాడు. మనిషి కనపడడం లేదు. అతని చేతిలోని జెండా మాత్రం గోడ మీదుగా అరంగుళం తేలి ఉంది.

“జెండా కనపడతా ఉండాది గదబ్బయ్యా, బాణం ఏస్తా,” అన్నాడు బావ.

“జెండాకి తగిలితే మనిషెట్టా పోతాడన్నా?” అన్నాడు కుర్రాడు.

ఇద్దరూ గడ్డం బల్లకి ఆనించి, ఒక కన్ను మూసి, మార్చి మార్చి చూశారు. ఫోన్ టార్చి వచ్చింది, స్కేలు వచ్చింది. ఇరవై నిమిషాలు గడిచాయి. ఇద్దరూ నిజాయితీగలవాళ్లే, ఇద్దరికీ కనపడింది కూడా ఒకటే. ‘కనపడడం’ అన్న మాటకి ఇద్దరూ చెప్పుకున్న అర్థాలు మాత్రం వేరు. ఈ మధ్య కొత్తగా ఈ ఆటల్లోకి వస్తున్న పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేదీ ఇదే కాబట్టి, మొదటి నుంచి విప్పి చూద్దాం.

## గీత ముందే గీసి ఉన్న ఆటలు, గీసుకోవాల్సిన ఆటలు

బొమ్మలతో ఆడే ఈ యుద్ధాలను టేబుల్‌టాప్ మినీయేచర్ గేమ్స్ అంటారు. వీటిలో చాలావాటికి గళ్లుండవు. టేపుతో అంగుళాలు కొలిచి బొమ్మను జరుపుతారు, పాచికలు వేసి దెబ్బ తగిలిందో లేదో తేలుస్తారు. బాణం వేయాలన్నా, తుపాకీ కాల్చాలన్నా, కొన్ని ఆటల్లో మంత్రం వేయాలన్నా ఒక షరతు ఉంటుంది: వేసేవాడికి ఎదుటివాడు కనపడాలి. వీడి నుంచి వాడి దాకా మనసులో లాగే తిన్నని గీతకే లైన్ ఆఫ్ సైట్ అని పేరు. దాన్నే ఇక్కడ చూపుగీత అంటాను.

చదరంగం తెలిసినవాళ్లకి ఇది పూర్తిగా కొత్త కాదు. ఏనుగు తిన్నగా పోతూ దారిలో బంటు అడ్డమొస్తే ఆగిపోతుంది. పాత గుళ్ల మండపాల్లో బండల మీద చెక్కిన పులి-మేక పటాలు చూసే ఉంటారు. పులి ఏ మేక మీదుగా దూకగలదో రాతి మీది గీతే చెబుతుంది. ఎంత పక్కన ఉన్నా గీత లేకపోతే దూకడానికి లేదు. ఆ ఆటల్లో తగువుకి తావు లేదు, గీతలన్నీ ముందే ఉన్నాయి. మన బల్ల మీద గీతల్లేవు. ప్రతి దెబ్బకీ కొత్తగా గీసుకోవాలి, అదీ ఇద్దరూ ఒప్పుకునేలా.

రెండు తెలుగు మాటలు ఇక్కడ బాగా పనికొస్తాయి. ఒకటి మరుగు: అసలు కనపడకపోవడం, కనుమరుగు అంటామే అది. రెండోది చాటు: మనిషి కనపడుతున్నా, చెట్టో గోడో కొంత కాస్తూ ఉండడం. మరుగున ఉన్నవాడి మీద బాణం వేయడానికే వీల్లేదు. చాటున ఉన్నవాడి మీద వేయొచ్చు, తగలడం కష్టం, లేదా తగిలినా బతకడం తేలిక. తగువుల్లో సగం ఈ రెండూ కలిపేయడం వల్ల వస్తున్నాయని నా అనుభవం.

## తీర్పరి ఉన్న రోజులు, ఫిరంగి నిజంగా పేలిన రోజులు

ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే యువ అధికారి 1824లో ప్రచురించిన యుద్ధపు ఆటలో ఈ చిక్కు లేదు. అది 1:8000 మ్యాపు మీద ఆడే ఆట. రెండు పక్షాలకీ మధ్య ఒక తీర్పరి ఉంటాడు. ఏ దళం ఎవరికి కనపడుతుందో ఆయనే తేల్చి, కనపడని దళాన్ని మ్యాపు మీద పెట్టడు.

1913లో ఇంగ్లండు రచయిత హెచ్.జి. వెల్స్ తన ‘లిటిల్ వార్స్’లో ఇంకో దారి పట్టాడు. ఆయన ఆటలో స్ప్రింగు ఫిరంగి బొమ్మ నిజంగానే చిన్న కర్ర గుండును పేలుస్తుంది. తగిలి పడిపోయిన సైనికుడు చచ్చినట్టు. మధ్యలో ఇల్లుంటే గుండు ఇంటికే తగులుతుంది. అక్కడ చూపుగీతకి వేరే నియమం అక్కర్లేదు, గుండే ఆ గీతను గీస్తుంది.

తర్వాత కాలంలో గుండు పోయి పాచిక వచ్చింది. ఇళ్లల్లో ఇద్దరే కూర్చుని ఆడుకునేటప్పుడు తీర్పరి కూడా లేడు. గుండూ తీర్పరీ చేసిన పనంతా నియమాల పుస్తకం మీద పడింది.

## ఒక తగువు లోపల మూడు ప్రశ్నలు

“కనపడతాడా?” అన్నది చూడటానికి ఒక ప్రశ్న. లోపల మూడున్నాయి. గీత ఎక్కడ మొదలవ్వాలి: బొమ్మ కంటి నుంచా, ఒంట్లో ఏ భాగం నుంచైనా సరేనా, కాళ్ల కింది గుండ్రటి బేస్ నుంచా? ఎక్కడికి చేరాలి: ఒంటికా, జెండాకా, బేస్‌కా? మధ్యలో ఏది అడ్డం: ఉన్నది ఉన్నట్టుగా గోడేనా, లేక ‘ఇది అడవి’ అని పేరు పెట్టుకున్న చోటంతానా?

ఏ ఆట తీసుకున్నా దాని నియమం ఈ మూడింటికీ జవాబే. మా మిద్దె మీద ఆ రోజు ఎవరూ ఈ మూడింటిని విడదీసి అడగలేదు.

## బల్లకి గడ్డం ఆనించి చూసే పద్ధతి

మొదటిది ట్రూ లైన్ ఆఫ్ సైట్, అంటే ఉన్నది ఉన్నట్టుగా చూడడం. బొమ్మ వెనక వంగి, బొమ్మకి ఏం కనపడుతుందో మన కంటితో చూసుకోవాలి. గేమ్స్ వర్క్‌షాప్ వాళ్ల వార్‌హామర్ 40,000 దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. ఆ ఒక్క ఆటలోనే జవాబు ఎన్నిసార్లు మారిందో చూడండి. 2004లో వచ్చిన నాలుగో ఎడిషన్‌లో అడవుల్లాంటి ప్రదేశాలకి ఒకటి, రెండు, మూడు అని ఎత్తు తరగతులుండేవి. 2008 నాటి ఐదో ఎడిషన్ వాటిని తీసేసి, కాల్చేవాడి కంటి నుంచి ఎదుటివాడి ఒంటి దాకా చూడమంది. ఒళ్లంటే తల, మొండెం, చేతులు, కాళ్లు. ఆయుధమో జెండానో మాత్రమే కనపడితే మనిషి కనపడనట్టే. 2023లో వచ్చిన పదో ఎడిషన్‌లో చూసేవాడి ఏ భాగం నుంచైనా, ఎదుటివాడి ఏ భాగానికైనా గీత చేరితే చాలు. కాళ్ల కింది బేస్ కూడా బొమ్మలో భాగమే.

మా తగువు ఇక్కడే తేలిపోతుంది. కుర్రాడు వాళ్ల అన్న దగ్గర పాత ఎడిషన్‌తో ఆట నేర్చుకున్నాడు. బావ కొత్తదానితో మొదలెట్టాడు. 2008 ప్రకారం నాయకుడు క్షేమం. 2023 ప్రకారం బాణం వేయొచ్చు.

రెండు జవాబుల వెనకా న్యాయం ఉంది. జెండాను గురి చూసి మనిషిని చంపడం మనసుకి ఎక్కదు, పాత నియమం ఆ బాధ తీర్చింది. కానీ ‘ఒళ్లు’ ఎక్కడితో ఆగుతుందన్న కొత్త తగువు తెచ్చింది. కొత్త నియమం ఆ ప్రశ్నే లేకుండా చేసింది. బదులుగా జెండా పట్టుకున్నవాడికి, రెక్క చాపినవాడికి నష్టం వచ్చింది.

## బురుజు మీది విలుకాడు: ఒక లెక్క

ఎత్తు నుంచి చూసేటప్పుడు గోడ వెనక ఎంత మేర దాగుతుందో హైస్కూలు త్రిభుజాలతో చెప్పొచ్చు. మా బల్ల మీద ఉన్న కొలతలే తీసుకుందాం. బురుజు ఎత్తు 6 అంగుళాలు. విలుకాడి ఎత్తు 1 అంగుళం, కన్ను తల పైననే ఉందనుకుంటే చూపు మొదలయ్యే ఎత్తు 7 అంగుళాలు. అక్కడి నుంచి 10 అంగుళాల దూరంలో కోటగోడ, దాని ఎత్తు 3 అంగుళాలు.

గోడ అంచును ఒరుసుకుంటూ పోయే గీత 10 అంగుళాల దూరంలో 7 నుంచి 3కి, అంటే 4 అంగుళాలు దిగింది. అంగుళానికి 0.4 చొప్పున. గోడ దాటాక కూడా అదే వాలున దిగుతూ పోతుంది. గోడకి రెండున్నర అంగుళాల అవతల గీత 2 అంగుళాల ఎత్తులో ఉంటుంది, 5 అంగుళాల అవతల 1 అంగుళం ఎత్తులో, ఏడున్నర అంగుళాల అవతల నేలను తాకుతుంది.

నాయకుడి ఎత్తు 1 అంగుళం, జెండా కొస 2 అంగుళాలు. కాబట్టి గోడ నుంచి రెండున్నర అంగుళాల లోపల ఉంటే జెండాతో సహా మరుగు. రెండున్నర దాటితే జెండా కనపడుతుంది. 5 దాటితే తల కనపడుతుంది. ఏడున్నర దాటితేనే పాదాలతో సహా మొత్తం మనిషి కనపడతాడు. ఆ రోజు కుర్రాడు బొమ్మను 4 అంగుళాల దగ్గర పెట్టాడు. అక్కడ గీత ఎత్తు 1.4, జెండాలో 0.6 అంగుళం బయటికి. కంటికి కనపడిన అరంగుళం లెక్కకి సరిపోయింది.

గోడకి ఎంత దగ్గరగా నక్కితే అంత క్షేమం, విలుకాడు ఎంత పైకెక్కితే ఆ క్షేమం అంత తగ్గుతుంది. ఉదయగిరి కొండ కొమ్మున కోట కట్టినవాళ్లకి ఈ లెక్క తెలియకుండా ఉండదు.

## అర డిగ్రీ వణుకు

లెక్క ఇంత స్పష్టంగా ఉంటే తగువెందుకు? బల్ల మీద మనం లెక్క కట్టం, చూస్తాం. చూడడంలో తేడా వస్తుంది.

టైల్స్ వేసే మేస్త్రీలు వాడే లేజర్ గీత ఒకటి మేం తెచ్చుకున్నాం. చేత్తో పట్టుకుంటే అది అర డిగ్రీ అటూ ఇటూ కదలడం పెద్ద విషయం కాదు. 24 అంగుళాల దూరంలో ఆ అర డిగ్రీ 5 మిల్లీమీటర్లు దాటుతుంది. ఈ బొమ్మల తల వెడల్పు దాదాపు అంతే. అంటే నిజాయితీగా పట్టుకున్న లేజర్ కూడా తల మీద పడొచ్చు, తల పక్కన పడొచ్చు. మన కన్ను సంగతి ఇంకా కష్టం. బొమ్మ కన్ను ఉన్న చోట మన కన్ను పట్టదు, ముక్కు బల్లకి తగులుతుంది. అంగుళం పైనుంచి, అంగుళం వెనక నుంచి చూసి, బొమ్మకి ఇదే కనపడుతుందని అనుకుంటాం.

## అరవయ్యో వంతు లోకంలో తాటిచెట్టు

ఈ ఆటల్లో ఎక్కువగా వాడే బొమ్మలు 28 మిల్లీమీటర్లవి. ఐదున్నర అడుగుల మనిషి ఆ ఎత్తున ఉంటే అది అరవయ్యో వంతు లోకం. ఆ లెక్కన అరవై అడుగుల తాటిచెట్టు బల్ల మీద అడుగుండాలి. పెట్టొచ్చు. ఉదయగిరి కొండ శిఖరం సముద్రమట్టానికి సుమారు 3,000 అడుగులు. కింది ఊరి నేలమట్టం తీసేసి ఎంత తగ్గించి లెక్కేసినా, ఆ కొండ బల్ల మీద ముప్పై అడుగులు దాటాలి. మేం చెక్కింది తొమ్మిది అంగుళాలు.

దూరాల సంగతీ అంతే. తుపాకీ 24 అంగుళాలు పోతుందని నియమం ఉంటే అరవయ్యో వంతులో అది 120 అడుగులు. చేత్తో విసిరిన రాయి పోయే దూరం. అందుకే చాలా ఆటలు నేలను మనిషి కంటే బాగా కుదించుకుంటాయి. మనిషికి ఒక కొలత, నేలకి ఇంకో కొలత.

ఇక్కడ చాలామంది తడబడతారు. రెండు కొలతలు కలిశాయి కాబట్టి పై బురుజు లెక్క తప్పిపోతుంది అంటారు. తప్పిపోదు. నేలను అంగుళానికి 25 అడుగులుగా, ఎత్తును అంగుళానికి 5 అడుగులుగా మార్చి చూడండి. చూపు ఎత్తు 35 అడుగులు, గోడ 15 అడుగులు, మధ్య దూరం 250 అడుగులు. గీత 250 అడుగుల దూరంలో 20 అడుగులు దిగింది. మనిషి తల ఎత్తుకి, అంటే 5 అడుగులకి రావాలంటే ఇంకో 10 అడుగులు దిగాలి. దానికి 125 అడుగుల దూరం కావాలి. బల్ల మీద అది 5 అంగుళాలే. ఒక పటాన్ని అడ్డంగా సాగదీసినా తిన్నని గీత తిన్నగానే ఉంటుంది, అందుకని జవాబు మారలేదు.

తేడా వచ్చేది వెడల్పుల్లో. అంగుళమంత బేస్ మీద నిలబడ్డ సైనికుడు ఈ నేల కొలతలో 25 అడుగుల మేర ఆక్రమిస్తున్నాడు. మూడంగుళాల పూరిల్లు 75 అడుగులు. ఒక సైనికుడి వెనక పాతిక అడుగుల నేల దాగడం ఎక్కడా జరగదు. సొంత దళంలోని మనుషులు చూపుకి అడ్డం రారని వార్‌హామర్ లాంటి ఆటలు నియమం పెట్టడం వెనక ఈ చిక్కు కూడా ఉందనుకుంటాను. బల్ల మీది వస్తువులన్నీ అవి చూపే నేల కంటే లావు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే తర్వాతి నియమాలు సగం వాటంతటవే అర్థమవుతాయి.

## సరుగుడు తోట ఎంత దాస్తుంది?

మైపాడు వైపు సముద్రపు ఒడ్డున సరుగుడు తోటల పక్కన నిలబడితే ఒక సంగతి తెలుస్తుంది. వరసకి తిన్నగా చూస్తే అవతలి వెలుగు కనపడుతుంది. కాస్త పక్కకి జరిగితే బోదెలన్నీ కలిసిపోయి గోడైపోతుంది. తోటలోకి నాలుగడుగులు వేసిన మనిషి కనపడతాడు, నలభై అడుగులు పోయినవాడు కనపడడు. అడ్డుపడేది ఒక్కొక్క చెట్టు కాదు, తోట లోతు.

బల్ల మీద అన్ని చెట్లు నాటితే బొమ్మ నిలబడడానికి చోటుండదు. మూడు చెట్లు పెట్టి, వాటి కింద అట్టముక్క పరిచి, ఈ అట్ట మేరంతా తోట అనుకుంటాం. దీన్ని ఏరియా టెర్రైన్ అంటారు. అప్పుడు మూడు చెట్ల మధ్య సందులోంచి ఎదుటివాడు కనపడుతున్నాడని వాదించడం కుదరదు. ఆ సందు బొమ్మలకి వీలుగా మనం వదిలిందే గానీ తోటలో లేదు.

వార్‌హామర్ పదో ఎడిషన్ శిథిల భవనాలకి ఇలాంటి ఏర్పాటే చేసింది. భవనం అడుగు మేర దాటి అవతలకి చూపు పోదు, కిటికీ కన్నంలోంచి మన కంటికి అవతలి మనిషి కనపడుతున్నా సరే. గోడ రెండంగుళాలే ఉన్నా పైనుంచి కూడా చూడకూడదు. లోపలున్న మనిషిని మాత్రం బయటి నుంచి మామూలుగా చూడొచ్చు, పూర్తిగా లోపల ఉన్నవాడు బయటికి మామూలుగా చూడొచ్చు. కంటితో చూసే ఆట అని పేరు పడ్డదే ఒకచోట కంటిని పక్కన పెట్టమంటోంది. మొదటిసారి చదివినప్పుడు విచిత్రంగా అనిపించింది. సరుగుడు తోట గుర్తుకొచ్చాక సబబే అనిపించింది.

## మోకాలి మీద కూర్చున్న బొమ్మ

త్రీడీ ప్రింటర్లు ఇళ్లలోకి వచ్చాక ఇంకో చిక్కు ముదిరింది. ఒకే రకం సైనికుడు, ఒకడు నిలబడి ఉంటాడు, ఒకడు మోకాలి మీద కూర్చుంటాడు, ఒకడు రాయెక్కి కత్తి ఎత్తుతాడు. ఉన్నది ఉన్నట్టు చూస్తే కూర్చున్నవాడు ఆటంతా క్షేమం, కత్తెత్తినవాడు ఆటంతా గురి. నిజమైన సైనికుడు ఒక భంగిమలో బిగుసుకుపోడు గదా. గెలవడానికని బొమ్మను పొట్టిగా చేసుకోవడాన్ని ఈ ఆటగాళ్లు తప్పుగానే చూస్తారు. కానీ అందంగా చేద్దామని వంచిన బొమ్మకీ, దాక్కోవడానికి వంచిన బొమ్మకీ పైకి తేడా ఉండదు.

అందుకే కొన్ని ఆటలు బొమ్మ భంగిమను లెక్కలోంచి తీసేసి, ఆ స్థానంలో ఊహా స్తంభాన్ని నిలబెట్టాయి. వార్‌మెషీన్‌లో బేస్ వెడల్పే ఎత్తు చెబుతుంది: 30 మిల్లీమీటర్ల బేస్ అయితే 1.75 అంగుళాలు, 40 అయితే 2.25, 50 అయితే 2.75. స్పెయిన్ కంపెనీ కోర్వస్ బెల్లి తెచ్చిన ఇన్ఫినిటీలో ఈ స్తంభానికి సిలూయెట్ అని పేరు. బొమ్మను పడుకున్నట్టు చేసినా దూకుతున్నట్టు చేసినా, దాని తరగతికి ఉన్న సిలూయెట్ అట్టనో ప్లాస్టిక్ ముక్కనో అక్కడ నిలబెట్టి చూస్తారు.

మా నాయకుడిని 30 మిల్లీమీటర్ల బేస్ మీద పెట్టి వార్‌మెషీన్ లెక్క వేస్తే? ఎత్తు 1.75. గోడకి 4 అంగుళాల అవతల గీత ఎత్తు 1.4. విలుకాడి చూపు మొదలయ్యే ఎత్తు కూడా 6కి 1.75 కలిపి 7.75 అవుతుంది, అప్పుడు వాలు అంగుళానికి 0.475, గీత ఇంకా కిందికి, 1.1కి దిగుతుంది. నాయకుడు కనపడతాడు, గోడ చాటు మాత్రం ఉంటుంది. జెండా ఉన్నా లేకపోయినా ఒకటే. 2008 నియమంలో క్షేమంగా ఉన్నవాడు ఇక్కడ చిక్కాడు, కారణం మాత్రం బావ చెప్పింది కాదు.

## దారం లాగే ఆటలు

గళ్లున్న ఆటల్లో ఈ బాధ బాగా తక్కువ. 1984లో మొదలైన బ్యాటిల్‌టెక్‌ తేనెపట్టులాంటి ఆరు మూలల గళ్ల మీద నడుస్తుంది. ఒక గడి నడిమి నుంచి ఇంకో గడి నడిమికి గీత. మధ్యలో పడే ప్రతి పలచని అడవి గడికి 1, దట్టమైన దానికి 2. మొత్తం 3 గానీ అంతకు మించి గానీ అయితే చూపు ఆగిపోతుంది. మధ్యలో రెండు పలచని గళ్లుంటే మొత్తం 2, అంటే కనపడుతుంది, గురి రెండు మెట్లు కష్టం. ఒక పలచనిది, ఒక దట్టమైనది ఉంటే 3, మరుగు. మైపాడు తోట లోతును అంకెల్లో పెట్టినట్టుంది గదా! గీత సరిగ్గా రెండు గళ్ల సరిహద్దు వెంట పోతే ఏ గడిని లెక్కపెట్టాలో దెబ్బ కాచుకునేవాడు ఎంచుకుంటాడు. ఆ చిన్న ఏర్పాటు నాకు చాలా ఇష్టం, తగువు పుట్టే చోటు ముందే కనిపెట్టి అక్కడే తీర్పు రాసిపెట్టారు.

1985 నాటి అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్‌లో గడిలోని చుక్క నుంచి చుక్కకి నిజంగానే దారం లాగి చూస్తారు, మేస్త్రీ గోడకి నూలుదారం కట్టినట్టు. అందులో గట్టి షరతు ఒకటుంది: కాలుస్తున్నానని ముందు ప్రకటించాలి, ఆ తర్వాతే దారం. కనపడకపోతే అవకాశం పోయినట్టే. కంటి అంచనాకి కూడా విలువ కట్టిన నియమం అది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2014 ఎడిషన్‌లో చదరపు గళ్ల మూలల లెక్క ఉంది. కొట్టేవాడి గడిలో ఒక మూల ఎంచుకుని ఎదుటివాడి గడి నాలుగు మూలలకీ గీతలు ఊహిస్తారు. ఒకటో రెండో అడ్డుపడితే సగం చాటు, రక్షణకి 2 కలుస్తుంది. మూడో నాలుగో అడ్డుపడినా దెబ్బ చేరగలిగితే ముప్పాతిక చాటు, 5 కలుస్తుంది. 2012లో వచ్చిన ఎక్స్-వింగ్‌లో అంతరిక్ష విమానాలు కాబట్టి ఎత్తు లెక్కే లేదు. పైనుంచి స్కేలు పెడితే అది గ్రహశకలం మీదుగా పోయిందా లేదా అన్నదొక్కటే చూస్తారు. పోతే తప్పించుకునేవాడికి ఒక పాచిక ఎక్కువ.

## నేను చూస్తే నువ్వూ చూస్తావా?

కొత్తవాళ్లకి ఎక్కువ కోపం తెప్పించేది ఇది. “ఆడి మనిషికి నేను కనపడతా ఉండానంట, నా మనిషికి ఆడు కనపడడంట. ఇదేం న్యాయం?”

కంటి నుంచి ఒంటికి చూసే నియమంలో అలా జరగొచ్చు. సైనికుడి తల స్తంభం వెనక, కాలు బయట అనుకోండి. ఎదుటివాడి కంటికి ఆ కాలు కనపడుతుంది, వేయొచ్చు. వీడి కంటికి స్తంభమే కనపడుతుంది, వేయలేడు. గీత మొదలయ్యే చోటూ ముగిసే చోటూ వేరు కాబట్టి తిరగేస్తే అదే గీత రాదు. ఏ భాగం నుంచైనా ఏ భాగానికైనా అన్న నియమంలో, ఊహా స్తంభాల నియమంలో ఈ పేచీ లేదు. ఇటు నుంచి పోయిన గీత మీదే అటు నుంచీ రావచ్చు. ఇన్ఫినిటీలో ఇది ప్రాణప్రదం, అక్కడ ఎదుటివాడి వంతులో కూడా మన సైనికుడు తిరిగి కాలుస్తాడు. చూపు ఒకవైపే ఉంటే ఆ ఆట కుప్పకూలుతుంది. అయితే అందులో ముఖం ఎటు తిరిగిందో కూడా చూస్తారు, ముందువైపు అర్ధవృత్తంలో ఉన్నవాళ్లే కనపడతారు. వెనక నుంచి వచ్చినవాడు చూడొచ్చు, వీడు చూడలేడు. అది వేరే సంగతి, అది న్యాయమే.

## ఎవరి మాటలో బలమెంత

ఉన్నది ఉన్నట్టు చూడాలనేవాళ్ల ప్రేమ నాకు అర్థమవుతుంది. మార్కాపురం పలక ముక్కలు ఏరి తెచ్చి, ఒక్కొక్కటి అతికించి కొండ చరియ చేసిన మనిషి మా గుంపులో ఉన్నాడు. వారాల తరబడి చేసిన ఆ రాతి సందులోంచి నిజంగా తొంగి చూసి బాణం వేయడంలో ఉన్న సంతోషం ఏ స్తంభపు లెక్కలోనూ రాదు. దీని చరియ ఎత్తు రెండు, దాని గోడ ఎత్తు మూడు అని గుర్తుపెట్టుకునే పనీ లేదు. కళ్ల ముందున్నదే నియమం.

ఊహా కొలతలు కావాలనేవాళ్ల మాటా తోసేయలేను. మా గుంపులో అరవై దాటిన పెద్దాయన ఒకరున్నారు, మోకాళ్లు వంగవు. గడ్డం బల్లకి ఆనించి చూడాలంటే ప్రతిసారీ ఇంకొకరి కంటి మీద ఆధారపడాలి. ఎదుటివాడి కంటి మీద ఆధారపడి ఎదుటివాడితో యుద్ధం చేయడం ఎంత ఇబ్బందో ఆయన్ని చూస్తే తెలుస్తుంది. బేస్ నుంచి బేస్‌కి టేపు పెట్టే నియమాల్లో ఆయనా మేమూ సమానం.

ఒక్క తూకంలో తేలే సంగతి కాదిది. పదిమంది బొమ్మలతో, బోలెడు ఇళ్లూ సందులతో ఆడే ఆటలో ప్రతి అంగుళం మీదా ప్రాణం ఆధారపడుతుంది. అక్కడ గట్టి కొలతలుంటేనే మేలని నాకనిపిస్తుంది. వందమంది సైన్యంతో ఆడేటప్పుడు ఒక జెండా కనపడిందా లేదా అన్నదానికి పాచిక వేసేసి ముందుకి పోవచ్చు.

## నోటితో చెప్పి పెట్టిన బొమ్మ

ఈ మధ్య చాలాచోట్ల ఆడేవాళ్లు ఇంకో అలవాటు చేసుకున్నారు. బొమ్మను జరుపుతూనే “వీణ్ణి బురుజుకి కనపడకుండా గోడ వెనక పెడతా ఉండా” అని పైకి చెబుతారు. అవతలివాడు చూసి, సాధ్యమే అంటే అదే ఖాయం. ఆ తర్వాత చెయ్యి తగిలి బొమ్మ అరంగుళం జరిగినా మాట మారదు. అర డిగ్రీ వణుకు దగ్గర మనం చూసిన చిక్కుకి ఇది మందు, ఎందుకంటే గీత గీసేటప్పుడు కాకుండా బొమ్మ పెట్టేటప్పుడే ఒప్పందం అయిపోయింది. దీన్ని ఒప్పుకోనివాళ్లున్నారు. బొమ్మను సరైన చోట పెట్టడం కూడా నేర్పే గదా, పొరపాటున అరంగుళం బయట పెట్టినవాడు నష్టపోవాలి గదా అంటారు. దారం ముందు లాగనివ్వని ఆట ఆ వాదానికి బలం. స్నేహితుల బల్ల మీద మొదటిదీ, పోటీలో రెండోదీ నడవడం చూశాను.

మా ఉదయగిరి ఆ రాత్రి పాచిక వేసుకుని ముందుకి సాగింది. నాలుగు గానీ ఆపైన గానీ పడితే కనపడినట్టు అనుకున్నారు. మూడు పడింది, నాయకుడు బతికాడు, బావ ఆ ఆట ఓడిపోయాడు. తర్వాతి ఆదివారం చరియ చేయగా మిగిలిన ఒక పెద్ద పలకను బల్ల పక్కన నిలబెట్టాం. బొమ్మలు పెట్టక ముందే మూడు ప్రశ్నలకి జవాబులు సుద్దతో దాని మీద రాస్తాం. ఎక్కడి నుంచి: తల. ఎక్కడికి: ఒళ్లు. అడ్డం: గోడైతే ఉన్నంత, తోటైతే అట్ట మేరంతా. కుర్రాడు సుద్ద తీసుకుని కింద ఇంకో వరస రాశాడు, బావ చూసి తలూపాడు: జెండా ఒళ్లు కాదు.